తెల్లగా మెరిసిన తలాపు రాళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నమ్మకం కంటే అనుమానానికే గౌరవం ఎక్కువ. మా తాత పాలుపోసే మనిషిని నమ్మడు, మబ్బును నమ్మడు, చుట్టం నవ్వితే ఎందుకు నవ్వాడా అని రెండు రోజులు ఆలోచిస్తాడు. ఆ గుణం నాకూ వచ్చింది, దాచుకోను. శంషాబాద్ పక్కన మా ఊళ్ళో గట్టు తగాదా వస్తే, హద్దురాయి ఎవరు జరిపారో తేల్చడానికి ఆయన్నే పిలిచేవారు.

మా మెట్ట చేను, ఆ చెలకకు పైన, గుట్ట కింద, రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలు పదో పన్నెండో ఉండేవి. ఊళ్ళో రోళ్ళూ, గడపలూ, హద్దురాళ్ళూ అన్నీ వాళ్ళ చేతివే. అయినా దాహమని వస్తే దోసిట్లో పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళం గానీ చెంబు ఇచ్చేవాళ్ళం కాదు. ఊరి నోట వాళ్ళెప్పుడూ నిన్నమొన్న వచ్చినవాళ్ళే.

ఒక ఏడు ఆ జాగా మీద ఊరి పెద్ద పటేల్ కన్ను పడింది. అయితే గుడిసెల వెనక వాళ్ళ సమాధులున్నాయి, ఒక్కోదానికి తలాపున ఒక్కో రాయి. పెద్దలు పడుకున్న చోటి నుంచి మనుషులను లేపడానికి ఊరు జంకింది. అప్పుడు పటేల్ ఆ రాళ్ళనే చూపించాడు. అన్నీ తెల్లగా, నిన్న చెక్కినట్టు మెరుస్తున్నాయి. జాగా కోసం దొంగ సమాధులు పాతారన్నాడు. ఊరంతా తలూపింది, నేను కూడా. మా తాత వెళ్ళి చూసి కొత్తవంటే, తెల్లారి గుడిసెలు పీకేస్తారు.

నేనూ తాత వెంట వెళ్ళాను. తాత ఒక రాయి మీద నీళ్ళు పోసి బొటనవేలితో రుద్దాడు. పాచి లేదు, ఉలి గరుకు అలాగే ఉంది. "కొత్తయే" అన్నాడు. పటేల్ ముఖం వెలిగిపోయింది. గుడిసెల్లోంచి ఒక ముసలమ్మ వచ్చి చేతులు జోడించింది.

"చెక్కుడు కొత్తదే అయ్యా. పెద్దలకు పెట్టే పెత్తరమాస పోయి ఐదొద్దులాయె. ఏటా గా దినం మా పెద్దల రాళ్ళను పైపైన చెక్కి తెల్లగ జేస్తం. మీరు పెద్దల పేరు మీద బియ్యమిస్తరు, మాకొచ్చిన పని గిది."

మంచి కథ అల్లిందని అందరూ నవ్వారు. తాత నవ్వలేదు, నమ్మనూ లేదు. చాలాసేపు ఆ వరస వెంట చూసి, నన్ను పిలిచి ఒక్కో రాయి పక్కన నిలబెట్టాడు. మొదటిది నా నడుము దాకా వచ్చింది. అది పోయిన ఎండాకాలం చనిపోయిన తన మొగుడిదని ముసలమ్మ చెప్పింది. ఆ తర్వాతవి మోకాలు దాకా, ఇంకా పోతే పిక్క దాకా. చివరివి నేలకు సమానమై గడ్డిలో కలిసిపోయాయి. వాటి కింద ఎవరున్నారో ఆమెకూ తెలియదు.

పొట్టి రాళ్ళు తెచ్చి పాతారేమో అన్నాడు పటేల్. తాతకూ ఆ అనుమానం వచ్చినట్టుంది, చివరి రాయి చుట్టూ మట్టి గీకాడు. నా చెయ్యంత లావు సీతాఫలం వేరు ఆ రాయిని చుట్టుకుని ఉంది.

"రాయి పాతుతరు, వేరునెవడు పాతుతడు? ఏటా వడ్లగింజంత చెక్కుతే, నడుమంత రాయి నేలకు దిగాలంటే ఎన్ని తరాలు గావాలె? వీళ్ళు మనకన్న ముందటోళ్ళు" అన్నాడు తాత.

గుడిసెలు నిలిచాయి. పటేల్ ఆ తర్వాత మా గడప తొక్కలేదు.

ఇంటికి వస్తుంటే నాకు గర్వంతో కాలు నేల మీద ఆగలేదు. తాత మాత్రం తల దించుకుని నడిచాడు. "పొద్దున పోతున్నప్పుడు అవి కొత్తయే గావాలని మొక్కిన బిడ్డా. గుడిసెలు లేస్తే సగం జాగ గుట్ట దాకా మన చెలకల కలుపుకొమ్మని పటేల్ మాటిచ్చిండు. కొత్తయే అన్నది నా ఆశనే" అన్నాడు. అంత పెద్దమనిషి నా ముందు సిగ్గుపడటం చూసి నాకు ఏడుపొచ్చింది.

తాత పోయిన చాన్నాళ్ళకు ఎయిర్‌పోర్టు వచ్చింది, మా వైపు భూముల ధరలకు రెక్కలొచ్చాయి. గుట్ట చుట్టూ గోదాములు కట్టే ఆసామి వచ్చి, పైన గుడిసెలవాళ్ళు ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారని నన్నే అడిగాడు. మా చెలకకు అతను మంచి ధర చెప్పి ఉన్నాడు. నాకు తెలియదన్నాను, ఎన్ని తరాలో నాకేం తెలుసని నాకు నేనే చెప్పుకుని నమ్మాను. పట్టా కాగితం లేని ఆ రాళ్ళు కొట్టేవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని పహాడీ షరీఫ్ వైపు వెళ్ళిపోయారు.

జపాన్‌లో కూడా ఫలానా పేటవాళ్ళని తెలిస్తే పిల్లనివ్వని, పనిలో పెట్టుకోని రోజులుండేవని మొన్న మా మనవరాలు చదివి చెప్పి, అంత చదువుకున్న దేశంలో అట్లెట్ల నానమ్మా అని అడిగింది. నా జన్మలో నేను అందరినీ అనుమానించాను. అనుమానించాల్సిన ఆ ఒక్క రోజు మాత్రం నన్ను నేను నమ్మేశాను.