తోడేలు అరికాలి చుక్క

మా అత్తమ్మ అపార్ట్‌మెంట్‌లో అందరికీ నా ఉద్యోగం గురించి ఒకే మాట చెబుతుంది. "మా కోడలు సిన్మాలు తుడుస్తది." మేం మియాపూర్‌కు కొత్తగా వచ్చినప్పుడు ఆ మాట విని, పక్కింటావిడ నేను సినిమా హాల్లో చీపురు పడతాననుకుంది. సరిదిద్దబోయి మానుకున్నాను. ఆలోచిస్తే అత్తమ్మ చెప్పింది నిజమే. హైటెక్ సిటీలో ఏసీ చలికి స్వెట్టర్ వేసుకుని కూర్చుని, పాత సినిమాల మీద పడ్డ దుమ్మునీ గీతల్నీ బూజు మరకల్నీ కంప్యూటర్‌లో ఒక్కో ఫ్రేములోంచి తుడవడమే నా పని. నల్లగా ఏది కనబడినా మా ఆఫీసు భాషలో అది మచ్చ. మచ్చ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పెసరట్టు మీద జీలకర్ర గింజ కనబడినా వేలు లేస్తుంది.

అలాంటి ఆఫీసుకు ఒక రోజు తోడేలు సినిమా వచ్చింది. పున్నమి రాగానే జమీందారు తోడేలైపోయే కథ. విడుదలైనప్పుడు వారం తిరక్కుండా రీళ్ల డబ్బాలు వెనక్కి వచ్చేశాయట. జనం భయపడాల్సిన చోటల్లా పగలబడి నవ్వారట. ఆ నవ్వే దాన్ని తర్వాత బతికించింది. హాస్టళ్లలో కుర్రాళ్లు గుంపుగా కూర్చుని, తోడేలు ఊళ వేసినప్పుడల్లా తామూ ఊళ వేస్తూ చూడటం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు ఆ తోడేలు ముఖం తిరగని ఫోను లేదు. చివరికి పాత సినిమాలను డిస్కులుగా తెచ్చే విదేశీ కంపెనీ ఒకటి దాన్ని కొని, శుభ్రం చేసే పని మాకు అప్పగించింది.

ఆఫీసులో అందరికీ అది నవ్వులాట. మా ఇంట్లో మాత్రం కాదు, ఎందుకంటే ఆ తోడేలు మా మామ.

దగ్గరి షాట్లలో హీరోనే ఉంటాడు. దూకడాలూ పరుగులూ వచ్చినప్పుడు మాత్రం ఆ బొచ్చు తొడుగులోకి దూరింది ఇద్దరు ఫైటర్లు. ఒకరు మామ, రెండో ఆయనెవరో ఎవరికీ తెలియదు. టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ లేవు. మామ నా పెళ్లికి చాలా ముందే పోయారు. ఎన్నో సినిమాల్లో దెబ్బలు తిన్నారు గానీ, ముఖం కనబడే వేషం ఒక్కటీ దొరకలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోటో. అందులో ఆయన ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటారు.

"గుట్ట మీదికెల్లి దుంకింది మీ మామనే బిడ్డా," అని అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

"బొచ్చు లోపల ఎవలున్నరో నీకెట్ల ఎరుక అమ్మా?" అని మా ఆయన ఏడిపించేవాడు.

"నాకెరుక," అని ఊరుకునేది. కాకిపిల్ల కాకికి ముద్దు అని నేనూ లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ గుట్టలు మా ఆఫీసు ఉన్న వైపే ఉండేవట. మామ దూకిన రాయి ఇప్పుడు ఏ పార్కింగ్ కిందో ఉండి ఉంటుంది.

పని పూర్తయ్యాక, డిస్కు తయారీకి పంపే ముందు ఒక శనివారం పొద్దున ఆఫీసులోని చిన్న థియేటర్‌కు ఇంట్లోవాళ్లను తెచ్చుకోమన్నారు. అత్తమ్మ గద్వాల చీర కట్టుకుని, కొడుకు రానన్నందుకు నాలుగు తిట్టి, నాతో బయల్దేరింది. అందరూ నవ్వుతూ, ఊళలు వేస్తూ చూశారు. ఆమె మాత్రం ముందుకు వంగి కూర్చుంది. గుట్ట సీను వచ్చింది. తోడేలు బండ ఎక్కి, కెమెరా మీది నుంచి దూకింది. రెండు అరికాళ్లూ తెర నిండా వచ్చి, మన నెత్తి మీదుగా పోయాయి. నేను తెరను చూడలేదు, ఆమెనే చూస్తున్నాను. ఆనందంతో ఏడుస్తుందనుకున్నాను.

ఆమె వెనక్కి వాలింది. "గీయన గాదు బిడ్డా," అంది మెల్లగా. "ఇన్నేండ్లు తప్పు జెప్పిన. గా రెండో ఆయననే దుంకినట్టున్నడు."

ఆ తర్వాత సినిమా అయ్యేదాకా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. వాదులాడే అత్తమ్మను తట్టుకోగలను గానీ, ఓడిపోయిన అత్తమ్మను నేనెప్పుడూ చూడలేదు.

అమీర్‌పేటలో మెట్రో మారాం. మూసాపేట స్టేషన్ దాటుతుంటే కిటికీలోంచి వేలు చూపించింది.

"గిక్కడ్నే ఓ టాకీసుల చూసినం ఇద్దరం. జనమంత నవ్వుతుంటె మీ మామ తల వంచుకున్నడు. నేను మాత్రం కాళ్లే చూసిన."

"కాళ్లెందుకు అత్తమ్మా?"

"ఆ దినం జీడిమెట్లల పనికి పోకుండ షూటింగుకు నేను గూడ పోయిన. గంత ఎత్తు మీదికెల్లి దుంకాలె. నాకు పానం ఆగలే. దిష్టి చుక్క వెడదామంటె పెయ్యంత బొచ్చే ఉండె, యాడ వెట్టాలె? బండ మీద జారుతున్నదని తొడుగు కాళ్లకాడ కోసేసిన్రు. ఇగ అరికాలే దొరికింది. నా కంటి కాటుక తీసి కుడి కాలికి వెట్టిన. దుంకిండు, ఒక్క గీత గూడ పడలే. టాకీసుల ఆ చుక్క మంచిగ కనవడ్డది. ఇయ్యాల లేదు. మరి గప్పుడు నేను చూసిందేందో."

ఆ చుక్క నాకు తెలుసు. కంపెనీవాళ్లు పంపిన తనిఖీ రిపోర్టులో ఒక వాక్యం ఉండింది: తోడేలు కుడి అరికాలి మీద నల్ల మచ్చ, తీసేయాలి. మా టీం దాన్ని ఎంత నేర్పుగా తీసేసిందంటే, అరికాలి గీతలు కూడా చక్కగా కలిసిపోయాయి. పని బాగుందని మెచ్చుకున్నది నేనే. ఇంతా చేసి, మా అత్తమ్మ మొగుణ్ణే తుడిచేశాం.

ఆమెకు అప్పుడే చెప్పలేదు. తిరిగి తేగలనో లేదో తెలియకుండా ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు.

సోమవారం వెళ్లగానే, ఏమీ తుడవకముందు ఫిలిం నుంచి ఎక్కించిన మొదటి స్కాన్ తెరిచాను. ఉంది. చిటికెన వేలి కొనంత చుక్క, గుండ్రంగా, కొంచెం చెదిరి. నేరుగా మా టీం లీడ్ దగ్గరికి పోయాను. ఆయనది గోదావరి వైపు, మెత్తటి మనిషి.

"క్లయింటే తీయమన్నాక ఇంకేముందండి? కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అన్నాడు.

మాది అనంతపురం. ఆఫీసులో ఎంత అణచుకున్నా అప్పుడప్పుడు ఆ గొంతు లేస్తుంది. "దురద కాదు సార్, అది తోడేలు కాలు! మచ్చంటే ఏందో మీరే కదా నేర్పించినారు? దుమ్మయితే ఒక ఫ్రేములో ఉంటుంది, పక్క ఫ్రేములో ఉండదు. ఇది చూడండి, కాలు ఎటు పోతే అటు పోతోంది. ఇది ఫిలిం మీద పడింది కాదు, మనిషి మీద పెట్టింది. దిష్టి చుక్క సార్. మీ పాపకు మీ ఇంట్లో పెట్టరా?"

ఆయన ఫ్రేములు ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. చుక్క పాదంతో పాటే లేచింది, పాదంతో పాటే దూకింది. "అయ్య బాబోయ్," అని నవ్వాడు. "తోడేలుకు దిష్టి చుక్కేంటండీ! సరే, మెయిల్ మీరే పెట్టండి."

పెట్టాను. అదేమిటో వివరించమని కంపెనీవాళ్లు అడిగారు. ఇంగ్లీషులో దిష్టిని ఎలా రాసినా కంటి జబ్బులా తయారైంది. రాసిందంతా కొట్టేసి చివరికి ఒకే వాక్యం పంపాను: దూకే మనిషికి ఏమీ కాకూడదని, ఆయన భార్య తన కంటి కాటుకతో పెట్టిన చుక్క అది. ఆ వారమంతా జవాబు లేదు. ఇంట్లో అత్తమ్మ తోడేలు ఊసెత్తలేదు. మా ఆయన ఏడిపించబోతే నేను కళ్లెర్రజేశాను. శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. "అయితే దాన్ని తాకకండి," అని ఉంది, అంతే. బాత్రూంలోకి పోయి కాసేపు ఏడ్చి వచ్చి, చుక్కను మళ్లీ దాని చోట పెట్టాను.

డిస్కు వచ్చిన రోజు, మా ఇంట్లో దాన్ని ఆడించగలిగింది మా ఆయన వీడియో గేముల మిషనొక్కటే. ముగ్గురం సోఫాలో కూర్చున్నాం. తోడేలు బండ ఎక్కింది, దూకింది. కుడి కాలు మీదికి వచ్చే చోట నేను ఆపేశాను.

అత్తమ్మ లేచి టీవీ దగ్గరికి పోయింది. చుక్క మీద వేలు పెట్టింది. "గీయనే," అంది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "చూసినవా రా? మీ నాయినే," అంది. మా ఆయన ఏడిపించలేదు. తల్లి పక్కకు పోయి నిలబడి, తండ్రి అరికాలిని చూశాడు.

సినిమా అయ్యాక డిస్కు చేతికిమ్మంది. తళతళలాడే వైపు తిప్పి చూసుకుంది. "గంత మంచిగ తుడిస్తివి బిడ్డా. ఇగ లోకమంత చూస్తది. దిష్టి తగుల్తది," అంది. తన కంటి దగ్గరికి వేలు పోయి ఆగింది. మామ పోయాక ఆమె కాటుక పెట్టుకోవడం మానేసింది. నా వైపు వంగి, నా కంటి కొసన వేలు రాసి, ఆ కాటుకను డిస్కు మీద పెట్టింది.

"అమ్మా, గటు దిక్కు వెట్టొద్దు! మల్ల ఆడదు అది!" అని మా ఆయన అరిచాడు.

డిస్కు తుడిచే మెత్తటి గుడ్డ నా చేతిలోనే ఉంది. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. నేను తుడవలేదు.