పుంగనూరులో మోగిన పలకలు, కుప్పంలో విన్న కేక

మా మదనపల్లె ర్యాపర్ ఖాదర్ క్యాసెట్‌ని అరిగిపోయేదాకా విన్నవాణ్ణి నేను. ఊళ్లోకి సీడీలు వచ్చేసినా నాది ఇంకా టేప్‌రికార్డరే. ఆ ఆల్బం పాటలనే కథగా అల్లి, అద్దె కెమెరాతో దొంగల ముఠా సినిమా తీశాడని, కుప్పంలో వేస్తున్నారని తెలిస్తే ఆగుతానా? షూటింగ్ జరిగిన పుంగనూరు కూడా చూసుకుంటూ పోదామని పొద్దున ఏడింటికే బస్సెక్కాను. గంటలోపే దిగాను. టికెట్టు ఓ టిఫిన్ ఖర్చుకు మించలేదు.

బస్టాండు వెనక వీధిలో, తన ఇంటి ముందే రామక్క దోసెలు పోస్తుంది. ఫలానా సినిమాకు పోతున్నానని చెప్పగానే ఆమె చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

“ఆ సినిమాలో పాడె మింద పండుకోనుండేది నా కొడుకేనప్పా.”

సెట్టు వేసే స్తోమత ఖాదర్‌కు లేదు. రామక్క ఇంటి ముందే నిజమైన పాడె కట్టించి, చావులకు డప్పు పలకలు కొట్టేవాళ్లనే పిలిపించాడట. ఇక్కడ చావు పలక మోగితే ఎవరు పోయారని అడుగుతూ కూర్చోరు, పూలదండ పట్టుకుని వచ్చేస్తారు. వీధంతా అలాగే వచ్చేసింది. గంగవరంలో చుట్టాలింటికి వెళ్లిన రామక్క తిరిగొచ్చేసరికి ఇంటి ముందు దండల కింద కొడుకు!

“గుండెలు బాదుకోని అరిస్తి. వాడు లేసి కూసున్నా నా అరుపు నిలబడలే. కెమెరా తిరగతానే ఉండాది. ‘నీ మొగం తీసేస్తానమ్మా’ అని ఖాదరు మాటిచ్చినాడు. తీసినాడో లేదో సూసి సెప్పిపో నాయనా, నలుగురిలో తలెత్తుకోవల్ల గదా.”

తప్పకుండా చెబుతానన్నాను.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరి మ్యాట్నీకి కూర్చున్నాను. పాడె వచ్చింది. తెరంతా వెతికాను. రామక్క ఎక్కడా లేదు. హమ్మయ్య అనుకునేలోపే పలకల మీద పాట ఎత్తుకున్నాడు ఖాదర్. ప్రతి చరణం చివరా ఓ ఆడమనిషి కేక: “నాయనా, లెయ్‌రా!”

క్యాసెట్‌లో ఆ కేక లేదు. అది రామక్క గొంతే. మొహం తీసేసి గొంతు ఉంచేశాడు! హాలంతా ఈలలేస్తూ ఆ కేకతో గొంతు కలిపింది.

“ఆ యమ్మ ఎవురో గాని బలే పాడిందప్పా!” అన్నాడు పక్క సీటాయన.

“పాడలేదు,” అన్నాను. ఆ గోలలో ఆయనకు వినపడలేదు.

చీకటి పడ్డాక మళ్లీ పుంగనూరులో దిగి, ఉన్నదున్నట్టు చెప్పాను. రామక్క పెనం మీద నీళ్లు చిలకరించింది. “మొగం తియ్యమనే అడిగితినప్పా. అరుపు గూడా తియ్యమని అడగల్లని నాకేం తెలుసు?” అంది.

ఇన్నాళ్లూ నేను తల ఊపుతూ విన్న పాటల్లో ఇంకెవరి గొంతులు ఎలా చేరాయోనని మొదటిసారి భయమేసింది. అంతకన్నా సిగ్గుచేటు, ఆ పాట నిజంగానే బాగుంది. మీరూ ఈ దారిన వెళ్తే పొద్దున్నే బయలుదేరండి, మ్యాట్నీ చూసుకుని రాత్రికల్లా వెనక్కి రావచ్చు. మధ్యలో రామక్క దగ్గర దోసె తినండి. అక్కడ మాత్రం ఆ పాట కూనిరాగం తియ్యకండి.