పడుగు పక్కన ఆరిన గుడ్డలు

గద్వాలలో జములమ్మ నేసిన చీరకు ఎవరైనా వంక పెట్టారంటే వాళ్ల కళ్లకే ఏదో అయిందనుకోవాలి. భర్త పోయాక గుంట మగ్గమే ఆమెకు తోడు. కూతురు నవనీత వనపర్తి హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. పొద్దంతా మగ్గం చప్పుడే తప్ప ఆ ఇంట్లో మనిషి గొంతు వినిపించదు. ఒక్కతే కంచం ముందు కూర్చుంటే జములమ్మకు ముద్ద దిగదు. కూతురి సెలవుల కోసమే ఆమె బతుకుతున్నట్టుంటుంది.

ఆ సెలవులకే గండి పడింది. "ఎండకాలం సెలవులకు నేను రానమ్మా, ఈడనే ఉంట," అని నవనీత ఫోన్లో తేల్చి చెప్పింది.

ఎందుకో జములమ్మకు తెలుసు. దసరాకు వచ్చినప్పుడు పిల్లకు ముట్టయింది. ముట్టయిన ఆడది మగ్గాన్నీ, నేతకు పరిచే నిలువు పోగుల పడుగునూ తాకకూడదని ఆ ఇంటి కట్టడి. ఇంట్లో సగం మగ్గమే. మిగిలిన సగంలో ఒక మూల చాప వేసి కూర్చోబెట్టింది. ఉతికిన ముట్టుగుడ్డలు ఎవరి కంటా పడకుండా, పెరటి రేకు కింద పాత చీర కప్పి ఆరేయమంది. వానల రోజులు. ఆరీ ఆరని గుడ్డే పిల్ల మళ్లీ వాడింది. దురద, మంట మొదలైనా నోరు విప్పలేదు. హాస్టల్‌కు పోయాక జ్వరంతో పడిపోతే అక్కడి నర్సమ్మ దవాఖానకు తీసుకుపోయింది.

పిల్ల సెలవులకు రానన్న మర్నాడు ఆ నర్సమ్మే ఫోన్ చేసింది. "గుడ్డ వాడుడు తప్పు గాదమ్మా. సబ్బుతోని ఉతికి మంచి ఎండల ఆరెయ్యాలె. మొత్తం ఆరినంకనే వాడాలె. ప్యాడైనా గుడ్డైనా నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలె. తడి గుడ్డతోనే నీ బిడ్డకు రోగమొచ్చింది."

నూలు సంగతి జములమ్మకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. గంజి పెట్టిన పడుగును తేమతో చుడితే బూజు పడుతుందని వీధి పొడవునా సాగదీసి ఆరబెడుతుంది. ఊళ్లోవాళ్లు కట్టే చీరకు అంత ఎండ చూపించి, కడుపున పుట్టినదాని గుడ్డను చీకట్లో మగ్గబెట్టింది! తనకు మాత్రం ఆ మంటలు లేవా? ఆడపుట్టుక ఇంతేనని ఓర్చుకుంది. ఆ ఓర్పునే కూతురికీ అంటగట్టింది.

"ఇంకమీద ఎండలనే ఆరేద్దాం, రా బిడ్డా," అంది కూతురికి ఫోన్ చేసి.

"ఎవలన్న ఏమన్న అంటే నువ్వే తీసేస్తవమ్మా."

"తియ్య. రేపు పడుగు పరుస్తున్న. వొచ్చి నీ కండ్లతోని జూడు."

అవతల నవనీత ఫోన్ పెట్టేసింది. వస్తాననలేదు.

తెల్లారాక జములమ్మ తన గుడ్డలూ, కూతురు ఇంట్లో వదిలివెళ్లిన గుడ్డలూ సబ్బుతో ఉతికి, ఇంటిముందు పడుగు పక్కనే తాడు కట్టి ఆరేసింది. ఎప్పుడూ పడుగు రెండో కొస పట్టే పక్కింటి సత్తెమ్మ వచ్చి గుమ్మం ముందే ఆగిపోయింది.

"ఏందే జములమ్మా, మొగోళ్లు తిరిగే బజార్ల గివేంది? సిగ్గు లేదా?"

"గుడ్డలే గదత్తా. ఎండ తగలకుంటే రోగమొస్తది."

"గవి తీసినంకనే నన్ను పిలువు." తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

మిగతా ఇళ్లవాళ్లూ రాలేదు. ఒక కొస గుంజకు కట్టి జములమ్మ ఒక్కతే లాగబోయింది. పడుగు నడుమ జారి పోగులు అంటుకుంటున్నాయి. గంజి బిగుసుకుందంటే ఆ పడుగు ఎందుకూ పనికిరాదు. నలుగురి మధ్య పుట్టి పెరిగిన వీధిలో ఇంత ఒంటరితనం ఉంటుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆ గుడ్డలు తీసేస్తే సత్తెమ్మ వస్తుంది. చెయ్యి తాడు దాకా పోయింది. నువ్వే తీసేస్తవమ్మా అన్న మాట గుర్తొచ్చి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని మళ్లీ పడుగు పట్టుకుంది.

"అమ్మా!"

వీధి మలుపులో బ్యాగుతో నవనీత నిలబడి ఉంది. తాడు మీది గుడ్డల్ని చూసింది, తల్లిని చూసింది. బ్యాగు పడేసి పడుగు దాకా పరుగెత్తి, టక్కున ఆగి చేతులు వెనక్కి తీసుకుంది.

"నేను బయటున్ననమ్మా. పొద్దుగాలనే అయింది."

తలుపుల చాటు నుంచి సత్తెమ్మ చూస్తూనే ఉంది. జములమ్మ గుంజకు కట్టిన కొస విప్పి కూతురి చేతిలో పెట్టింది.

"గట్టిగ పట్టు బిడ్డా, గంజి ఆరిపోతది."

ఆ పూట ఇంకెవరూ తలుపు తీసుకుని బయటికి రాలేదు. పడుగు ఇద్దరే ఆరబెట్టుకున్నారు.