బోకులు పెట్టిన గది

నా చిన్నప్పుడు మేము ప్రొద్దుటూరులో ఒక మట్టిమిద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా నాన్న బడిపంతులు. ఆయనకు పులివెందులకు బదిలీ అయింది. అక్కడ ఒక ఇల్లు చూసి మాట అనుకున్నారు గానీ, ఈ ఇల్లు అమ్ముడుపోతేనే అది కుదిరేది. అందాకా నాన్న అక్కడ అద్దెగదిలో ఒక్కడే, హోటల్లో తింటూ నెట్టుకొచ్చేవాడు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి, సోమవారం నేను లేవకముందే వెళ్లిపోయేవాడు. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం చిక్కి కనిపించేవాడు. సోమవారం పొద్దున చుట్టి పెట్టిన ఆయన చాప చూస్తే నాకు ఏడుపు ఆగేది కాదు.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఇరుకని పెదవి విరిచి పోయేవాళ్లు. ఇరుకు కాక ఏమవుతుంది? మా జేజికి, అంటే మా నాన్నను కన్నతల్లికి, బోకులంటే ప్రాణం. మా సీమలో బోకులంటే వంటపాత్రలు. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, జాతరకు పోయినప్పుడల్లా కొనుక్కొచ్చిన గిన్నెలు, సొట్టలు పడినా పారెయ్యని తపేలాలు ఇంట్లో ఎక్కడ చూసినా అవే. మనిషి నడవాలంటే వాటిని అడిగి నడవాలి.

ఇట్లా ఉండగా, కోస్తా నుంచి వచ్చి మా బజారులో మందుల అంగడి పెట్టుకున్న ఒకాయన ఆదివారం భార్యతో వచ్చి ఇల్లు చూస్తానని కబురు చేశాడు. ఇంట్లో పెళ్లంత హడావిడి మొదలైంది. వానకు కారకుండా నాన్న మిద్దె మీద కొత్తగా చౌడుమన్ను పరిపించాడు. అమ్మ గోడలకు సున్నం కొట్టించి, నాపబండలను పీచుతో రుద్ది రుద్ది కడిగింది. బోకులన్నీ చిన్నగదిలో పేర్చి బీగం వెయ్యాలన్నది నాన్న ఉపాయం. నిజం చెప్పాలంటే, అవి పోయాక ఇల్లు మాకే కొత్తగా కనిపించింది.

వాళ్లు వచ్చారు. గోడలు నచ్చాయి, బండలు నచ్చాయి, మిద్దెకు వెలుతురు కోసం పెట్టిన గవాచిలోంచి వంటింట్లో పడే ఎండ ఆమెకు మరీ నచ్చింది. చివరికి బీగం వేసిన గది దగ్గర ఆగి, ఇందులో ఏముందని ఆయన అడిగాడు. నాన్న నోరు తెరిచేలోపలే జేజి అందుకుంది.

"దాంట్లో అన్నీ బోకులేనప్పా. మీరొస్తారని లోపలేసి బీగమేసినాం. మీరు పోయినాక బయటికి తీస్తాంలే."

సరిగ్గా అప్పుడే లోపల ఏదో దభీమని పడింది.

"సూసినావా, ఒకదాని మీద ఒకటి పడతాండాయి. కుదురుగా ఉంటే గదా!" అంది జేజి ముద్దుగా.

ఆ దంపతులు మొహాలు చూసుకున్నారు. కాఫీ కూడా పూర్తిగా తాగకుండా, మళ్లీ చెబుతామని లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత కబురూ లేదు, కాకరకాయా లేదు. నాన్న మళ్లీ సోమవారం బస్సెక్కాడు. అమ్మ సున్నం గోడకు ఆనుకుని కూర్చుంది.

మా పక్కింటి అక్క క్రైస్తవ మిషను బడిలో టీచరు. టీచరు ట్రైనింగు కోస్తాలో చదివి వచ్చింది. ఒకరోజు తలనొప్పి మాత్రకని ఆ అంగడికి వెళ్లి, తిరిగి వస్తూ మా గడపలోనే కూలబడి నవ్వింది.

"జేజీ, ఎంతపని చేసినావే! వాళ్ల పక్క బోకంటే పనీపాటా లేని పోకిరోడు. మీరు ఇంట్లో పోకిరోళ్లను పెట్టి బీగమేసినారని ఆయప్ప అనుకుంటాండాడు!"

"నా ఇత్తడి బిందె పోకిరిదా?" అని జేజి మండిపడింది.

పోయి అసలు సంగతి చెప్పేసి రమ్మని అమ్మ బతిమాలింది. అక్క తల అడ్డంగా ఊపింది.

"చెప్తే తప్పు కప్పిపుచ్చుకుంటాండారనుకుంటారు. చెప్పేదెందుకు, చూపిద్దాం."

ఆ తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక అక్క, తానూ తోడుంటానని ఒప్పించి, ఆ దంపతులిద్దరినీ మా ఇంటికే భోజనానికి పిలుచుకొచ్చింది. పాపం, మందుల అంగడాయన భార్య చీరకొంగు బిగించి పట్టుకుని తలుపు పక్కనే కూర్చుంది. సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి సిద్ధం. బోకులు మళ్లీ బీగం వేసిన చిన్నగదిలోనే ఉన్నాయి. వడ్డించే ముందు అక్క నా చేతికి బీగంచెవి ఇచ్చి, అందరికీ వినపడేట్టు, "పాపా, పోయి ఆ బోకుల్ని బయటికి తోడుకోనిరా" అంది. ఆయన సగం లేచి నిలబడ్డాడు. నేను తలుపు తీసి, రెండు చేతుల నిండా గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చాను.

వాళ్లిద్దరూ నా చేతుల్లోని గిన్నెలనూ, నా వెనక తెరిచిన గదినీ మార్చి మార్చి చూశారు. తర్వాత ఆయన భార్య, "అయ్యో రామా, గిన్నెలాండీ!" అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆయనా, నాన్నా కూడా నవ్వారు. నాన్న నవ్వగా చూసి నాకు ఎన్నాళ్లయిందో! ఇక దాచేదేముందని జేజి బోకులన్నీ బయటికి తెప్పించి గూళ్లలో సర్దించింది. పనిలో పనిగా, వాన గట్టిగా పడితే ఆ మూల కారుతుందని కూడా చెప్పేసింది. అమ్మ జేజి కొంగు పట్టి లాగింది. ఆ కోస్తావాళ్లావిడ మాత్రం, "మేమిప్పుడుండే ఇంట్లో అన్ని మూలలా కారుతుందండీ" అంటూ గవాచి కింద మెరుస్తున్న బిందెను చేత్తో తడిమి చూసింది. ఇంతమంది బోకులు పట్టే ఇల్లు ఇరుకెలా అవుతుందని భర్తను అడిగింది కూడా. ఆ రోజే మాట ఖాయమైంది. జేజి ఆ బిందెను ఆమెకే ఇచ్చేసింది.

బడులు తెరిచేసరికి మేమంతా పులివెందులలో ఉన్నాం. మొదటి సోమవారం పొద్దున నాన్న చాప పరిచే ఉంది, దాని మీద ఆయన గురకపెడుతున్నాడు. ఆ గురక వింటూ ఎంత హాయిగా మళ్లీ పడుకున్నానో నాకు ఇప్పటికీ గుర్తే.

మొన్న మెట్లెక్కలేక మా మేడిల్లు అమ్మకానికి పెట్టాం. ఫోనులో ఫొటోలు తీస్తానని మనవరాలు వంటింటి సామానంతా ఒక గదిలో వేసి తలుపు మూసింది. నేను వెళ్లి ఆ తలుపు బార్లా తెరిచాను. చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ గదిలో ఏముందని అడిగితే, "బోకులు, రండి చూద్దురు గానీ" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను.