మందోళ్ల యాకోబు, మండోళ్ల యాకోబు

వికారాబాదు సమాధుల తోటల నా ఇజ్జత్ నేనే నిలువునా పాతిపెట్టుకున్న. ఎట్లనో చెప్త, జర గుండె గట్టిజేసుకొని వినుండ్రి.

మాది తాండూరు. ఇంటిపేరు మంద. మా ముత్తాత యాకోబు పేరే నాకు పెట్టిన్రు. ఆయన పనికని వికారాబాదు పోయి ఆడ్నే సచ్చిపోయిండట. ఏడ పెట్టిన్రో ఎవరికీ తెల్వదు.

"మామ సమాధి మీద పువ్వు పెట్టకుంట నా పాణం పోదు కొడుకా" అనేది మా నాయనమ్మ.

ఇగ మా ఇంటిపేరును ఇంగ్లిషుల నాయిన ఒక తీరు రాస్తడు, చిన్నాయిన ఇంకో తీరు రాస్తడు. అందుకే దగ్గరదగ్గర ఉన్న పేరేదైనా సరేనని ఎతుకుతున్న. నిరుడు చలికాలం పెండ్లికి వికారాబాదు పోయి, తోవలున్న సమాధుల తోటలకు తొంగిచూసిన. ఒక నల్లరాయి మీద ఇంగ్లిషుల నా పేరు! అచ్చం నా ఆధార్ కార్డుల ఉన్నట్టే! మీ పేరు మీరే సమాధి మీద చదువుకోండ్రి ఒకసారి, కింది నుంచి ఎవరో కాళ్లు గుంజినట్టుంటది. సచ్చిపోయిన తారీకు లేదు. పాతకాలపోళ్లు, మర్చిపోయిన్రేమో అనుకున్న. నా తెలివి గంత గొప్పది.

మర్నాడు పొద్దుగాల్నే నాయనమ్మను రైల్ల తీస్కపోయిన. మంచుల పక్క సమాధి గూడ కనబడ్తలేదు. పిట్ట కూత లేదు. రాయి మీద మాత్రం అప్పుడే పెట్టినట్టు తడి బంతిపూలు.

"ఎవరు పెట్టిన్రురా?"

"మనోళ్లే ఎవరన్న..." అనుకుంట నాయనమ్మ చెయ్యి గట్టిగ పట్టుకున్న.

నాయనమ్మ రాయిని కావలించుకుంది. "యాకోబు మామా! ఇన్నేండ్లకు దొరికినవా!" అని శోకం తీసింది. నేను గూడ రాగం కలిపిన.

"నన్నెవరు పిలుస్తున్నరు?"

మంచులకెల్లి గొంతు. తెల్లంగి, తెల్ల ధోతి, తెల్ల మీసాలు.

"న... నువ్వెవరు?"

"యాకోబును."

నేను పక్క సమాధి ఎనుకకు దుంకిన. నాయనమ్మ కొంగు నెత్తిన కప్పుకొని చేతులు జోడించింది. "తప్పయింది మామా! పండుకున్నోన్ని లేపినం!"

"నీకు నేను మామనెట్లయిత? నీకన్న చిన్నోన్ని! మాది మోమిన్‌పేట్, మండోళ్లం. పక్కన మా ఆమె ఉన్నది. నా జాగల నేను ముందే రాయి ఏపిచ్చుకున్న. ఆమెకు పెట్టంగ మిగిలిన పూలు నా దాని మీద పెట్టుకుంట."

మంద, మండ! ఇంగ్లిషోడు రెండిటికీ ఒక్కటే అక్షరం పెట్టి నా కొంప ముంచిండు.

నాయనమ్మ మామ కోసం తెచ్చిన పూలు ఆయన భార్య సమాధి మీద పెట్టింది. ముసలాయన కండ్లు తుడ్సుకున్నడు.

"ఏడ్పు మాత్రం మస్తుగుందమ్మా. మా కోడండ్లు గింత మంచిగ ఏడ్వరు. నేను పోయినంక కబురు పంపిస్త, తప్పకుంట రావాలె."

ఆడ్నే ఒట్టేసుకున్న: పేరు తెలుగుల చదవనిదే, ఆ మనిషి నిజంగ సచ్చిండని నలుగురు చెప్పనిదే, ఇగ ఏ సమాధి మీద ఒక్క కన్నీటి బొట్టు రాల్చ.