సిలోను కొండల్లో మా అత్త బంతిభోజనం

మా అత్త పోయిందని పోయిన నెల తిరుపతి నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున కాఫీ తాగి వసారాలో కుర్చీలో కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే వెళ్ళిపోయిందట. ఆ సంగతి చెప్పి వెక్కివెక్కి ఏడ్చిన ఆమె కోడలు, ఫోన్ పెట్టేసే ముందు "దావలో యాడా తినబాకండి అక్కా. పక్కింటోళ్ళు వండి పెట్టినారు, నేరుగా ఇంటికే వచ్చేయండి" అంది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. మా అత్త దగ్గర అన్నేళ్ళు ఉన్న కోడలు ఇంకెలా మాట్లాడుతుంది!

అత్త మా నాయనకు అక్క. చిత్తూరు పక్క పల్లెలో పుట్టి, ఆఫీసు గుమస్తాకు భార్యగా తిరుపతికి కాపురానికి వచ్చింది. తిరుపతిలో ఇల్లుంటే ఏమవుతుందో మీకు చెప్పాల్సిన పని లేదు. కొండకు వచ్చే ప్రతి చుట్టానికీ, ఆ చుట్టాల చుట్టానికీ అదే మజిలీ. గుండు కొట్టించుకుని దిగివచ్చిన వాళ్ళను అత్త ముందు "తిన్నారా?" అని అడిగేది. ఎవరి తాలూకు అనేది తర్వాత సంగతి. ఒకసారి ఒక కుటుంబం రెండు పూటలా తిని, పడుకుని, తెల్లారి బయల్దేరేటప్పుడు బయటపడింది, వాళ్ళు రావలసింది వెనక వీధిలోని ఇంటికని. మామ తల పట్టుకున్నాడు. అత్త మాత్రం "తినినారు గదా, ఇంగ మనోళ్ళే" అనేసి వాళ్ళకు దారిలోకి పెరుగన్నం కట్టి ఇచ్చింది.

ఇంత ధారాళమైన మనిషికి ఒక్క విషయంలో మాత్రం మహా పట్టుదల. భోజనాల బంతి కూర్చున్నాక, చివరి మనిషి చెయ్యి కడుక్కునేదాకా వడ్డించేవాళ్ళు అక్కడినుంచి కదలకూడదు. పోస్ట్‌మేన్ వచ్చినా సరే, పాలు పొంగినా సరే. పండక్కి నేను సాంబారు బకెట్టు పట్టుకుని ఒక్క నిమిషం వీధిలోకి తొంగిచూస్తే వీపు మీద ఒకటి వేసింది.

అలా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటే ఆమె ఎక్కడికని పోగలదు? కాణిపాకం దాటి ఎక్కడికీ పోలేదని మామను దెప్పేది. ఆమెకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. ఎవరో పురాణం చెబుతుంటే విని, లంకలో సీతమ్మను ఉంచిన వనం చూడాలని పట్టుకుంది. "ఆయమ్మ తిండి లేకుండా కూర్సున్న సోటు ఒక్కసారి సూసొస్తే సాలు నాకు" అనేది. డెబ్బైల చివర్లో ఆ రోజు వచ్చింది. మామ పెదనాన్న కొడుకు ఒకాయన సిలోనులో, కాండీ ఊళ్ళో బట్టల కొట్టు పెట్టుకుని ఉండేవాడు. రమ్మని పిలిచాడు. అత్త, మామ, నాయన, అమ్మ, పదేళ్ళ నేను బయల్దేరాం. రామేశ్వరంలో పడవెక్కాం. అందరూ సంచీల్లో బట్టలు సర్దుకుంటే అత్త ఒక విస్తరాకుల కట్ట కూడా తెచ్చింది. అవతలి ఒడ్డున తనిఖీ చేసే ఆయన దాన్ని విప్పి, తిప్పి, వాసన చూసి, ఇదేమిటని అడిగాడు. అత్త అరవంలో "అన్నం తినేదానికి నాయనా. నువ్వు తిన్నావా?" అంది. ఆయన నవ్వి వదిలేశాడు.

కాండీలో ఆమెకు చుట్టంగా ఉండడం చేతకాలేదు. ఆ ఇంటావిడ కంటే ముందే లేచి పొయ్యి వెలిగించేది. వనం చూడబోయే రోజు కూడా ఆవిడను వంటింట్లోకి రానివ్వకుండా పెద్ద గిన్నెడు పులిహోర, ఇంకో గిన్నెడు పెరుగన్నం చేసింది. ఐదుగురికి అంతెందుకని అమ్మ అడిగితే, తక్కువ వండడానికి చెయ్యి రాలేదంది.

అద్దె వ్యానులో కొండెక్కాం. అలాంటి పచ్చదనం నేను మళ్ళీ చూడలేదు. కొండలకు ఎవరో పచ్చ దుప్పటి కప్పి, పొద్దున్నే దువ్వెనతో పాపిళ్ళు తీసినట్టు తేయాకు తోటలు. మలుపు తిరిగితే ఒక జలపాతం, ఇంకో మలుపు తిరిగితే ఏమీ కనబడనంత మంచు. అత్త కిటికీ వదల్లేదు. "మన కొండ కూడా ఇంత సల్లగా ఉంటే గుండు కొట్టించుకునేదానికి ఎవురూ రారబ్బా!" అని మామను నవ్వించింది.

మరుసటి రోజే మా తిరుగు ప్రయాణం. అంటే వనం చూస్తే ఆ రోజే చూడాలి. ఇంకో గంట ప్రయాణం ఉందనగా దారి మీద కొండచరియ విరిగి పడి ఉంది. ముందు నాలుగైదు బండ్లు నిలబడి ఉన్నాయి. తేయాకు తోటల్లో పనిచేసే అరవం ఆడవాళ్ళు, కొందరు మగవాళ్ళు వానలో తడుస్తూ పారలతో మట్టి తీస్తున్నారు. తెల్లారకముందు నుంచీ అక్కడే ఉన్నారని డ్రైవరు చెప్పాడు. అత్త ఇంకేమీ వినలేదు. దిగి, వాళ్ళ దగ్గరికి పోయి, అరవంలో "తిన్నారా?" అని అడిగింది. లేదన్నారు. "కొండకొచ్చి పస్తుండి పనిజేస్తారా! రండి, కూర్సోండి" అని రోడ్డు పక్కన ఒక రేకు షెడ్డు కింద వరసగా విస్తరాకులు వేసింది. మొహమాటపడుతూ, చేతుల మట్టి కడుక్కుని, ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నేను నీళ్ళు పోశాను. పులిహోర మూడు వంతుల మందికి వడ్డించిందో లేదో, ముందర బండ్లు కదిలాయి. అప్పటికే వ్యాను పట్టేంత దారి తీసి ఉన్నారట, ఒక్కొక్క బండినే వదులుతున్నారు. మా డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

"అక్కా, రా! పైన మళ్ళీ జారేటట్టు ఉండాదంట. ఇప్పుడు పోకుంటే ఇంగ పోలేము" అని నాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఉండబ్బా, బంతి నడస్తాండాది."

మామ కూడా వచ్చాడు. "సీతమ్మ సీతమ్మ అని పానం తీసింది నువ్వే గదా? గిన్నెలు వాళ్ళకు ఇచ్చేసి రా. వాళ్ళే పెట్టుకుంటారు."

అత్త చేతిలో గరిటె ఆగింది. కొండ పైకి చూసింది. ఆ చూపులో ఎంత ఆశ ఉందో నాకు ఆ వయసులో కూడా తెలిసింది, ఆమె వస్తుందనే అనుకున్నాను. "నేను పిలిస్తే వచ్చి కూర్సున్నారు వీళ్ళు. గిన్నె ఆడ పెట్టేసి పోతే, అడుక్కున్నోళ్ళకు పడేసినట్టు అయితాది" అని, తరువాతి ఆకులో పులిహోర వేసింది. దాని తరువాత పెరుగన్నం. అడిగిన వాళ్ళకు మారు వడ్డన. చివరి మనిషి లేచి చెయ్యి కడిగేసరికి పైనుంచి మళ్ళీ మట్టి జారింది. సాయంత్రం దాకా దారి తెరుచుకోదన్నారు. డ్రైవరు వ్యాను వెనక్కి తిప్పాడు.

కొండ దిగుతున్నాం. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "ఏడస్తాండావా అత్తా?" అని అడిగాను. "అంత ఆశ పెట్టుకుంటే ఏడుపు రాకుండా ఉంటాదా పాపా?" అంది. మళ్ళీ తనే, "అయినా లేసి వచ్చింటే, ఆయమ్మ ముందర ఏం మొగం పెట్టుకోని నిలబడేది?" అంది. తర్వాత ఆ దేశంలో గొడవలు మొదలయ్యాయి, పడవ ఆగిపోయింది. ఆమె మళ్ళీ పోలేదు. సీతమ్మ వనం చూశావా అని ఎవరైనా అడిగితే "దావ దాకా పోయినా" అనేది. అలా అనేటప్పుడు ఆమె గొంతులో వెలితి ఉండేది, లేదని నేను అబద్ధం చెప్పను. కానీ ఆమె ఆ బంతి వదిలి వచ్చి ఉంటే ఆమె మా అత్త కాదు. అంత మనిషి చేతి అన్నం తిని పెరిగినందుకు నాకు గర్వంగా ఉంది.

ఇప్పుడు నాకు పదే పదే కళ్ళముందుకు వచ్చేది, వ్యాను కదిలిన ఆ క్షణం. ఒక ముసలామె మా గిన్నెలు వాగులో తోమి తెచ్చి ఇచ్చింది. తిన్నవాళ్ళంతా పారలు పక్కన పెట్టి, రోడ్డు అంచున వరసగా నిలబడి "పోయిట్టు వాంగమ్మా", పోయి రండమ్మా అన్నారు. జన్మంతా గడపలో నిలబడి ఊరందరినీ సాగనంపిన మనిషిని, మొదటిసారి ఎవరో నిలబడి సాగనంపుతున్నారు. అత్తకు అంత బాగా వచ్చిన అరవం ఆ పూట నోటికి రాలేదు. కిటికీలోంచి సగం బయటికి వంగి, "పోయొస్తానమ్మా!" అని తెలుగులోనే అరిచి, వాళ్ళు మంచులో కనబడకుండా పోయినా చెయ్యి ఊపుతూనే ఉంది.