నర్సయ్య కుడిచేయి

ఈ రోజు సాయంత్రం సిరిసిల్లలో మా వాడకట్టులోని నర్సయ్య ఇంట్లో ప్రార్థనకు మా సంఘం వాళ్లం వెళ్లాం. అతను సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. మొన్నామధ్య పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. తాగొచ్చి ఆ చేత్తోనే భార్య లచ్చవ్వను కొట్టేవాడని వాడకట్టంతటికీ తెలుసు.

పాస్టరుగారు కొబ్బరినూనె సీసా పట్టుకుని ప్రార్థించి, స్వస్థత కంటే ముందు పాపక్షమాపణ కావాలన్నారు. నర్సయ్య ఏడ్చాడు. ముద్దముద్ద మాటలతోనే భార్యను, "నన్ను మాఫ్ చెయ్యే" అని అడిగాడు. మేమందరం "స్తోత్రం" అన్నాం. నేనైతే కాస్త గట్టిగానే అన్నాను.

లచ్చవ్వ మాత్రం నోరు విప్పలేదు.

"క్షమించానని చెప్పమ్మా" అన్నారు పాస్టరుగారు.

"దేవుడు మాఫ్ చేసిండంటే గది ఆయన దయ, అయ్యగారూ. గీ చేతి దెబ్బలు తిన్నది నేను. గా మాట నాకింక నోట్లకెల్లి అస్తలేదు. అబద్ధం చెప్పి ఆమేన్ అనమంటరా?"

పక్కింటి సాంచల చప్పుడు ఒక్కటే వినిపించింది. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, అంత సులువుగా స్తోత్రం చెప్పేసిన మా మీద.

పాస్టరుగారు ఇంకేమీ అడగకుండా నూనె సీసా ఆమె చేతికిచ్చారు. గడప దగ్గర చెప్పులేసుకుంటూ వెనక్కి చూశాను. లచ్చవ్వ ఆ కుడిచేతిని ఒడిలో పెట్టుకుని నూనె రాస్తోంది. ముఖం మాత్రం గోడవైపు తిప్పుకునే ఉంది.

ఆమె ఆమేన్ కోసం దేవుడు ఎన్నాళ్లయినా ఆగుతాడని నా నమ్మకం. ఆగలేనిది మనమే. మీరేమంటారు?